తలుపేసి వినే డాక్టరమ్మ

మా డాక్టర్ గారు దవాఖాన మూసేసిన రోజు మా ఇంట్లో ఎవరో పోయినంత పని అయింది. ఆయనకు చూపు ఆనడం లేదని, హైదరాబాద్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారని తెలిసి మా ఆయన పొద్దున టిఫిన్ కూడా ముట్టలేదు. మా మరిది మిల్లు పని పక్కనపెట్టి, దగ్గరుండి ఆయన సామాను బండికి ఎక్కించి వచ్చాడు. మిర్యాలగూడలో మాలాంటి బియ్యం మిల్లుల వాళ్ల ఇళ్లు చాలావాటికి ఆయనే డాక్టర్. మా మామగారికి గుండెలో నొప్పి వస్తే జోరువానలో స్కూటర్ మీద వచ్చి ప్రాణం నిలబెట్టిన మనిషి. మంచివాడు. అందులో నాకు అనుమానం లేదు.

కానీ నాకు దుఃఖం రాలేదు. ఎందుకు రాలేదో చెప్తాను.

మాది కోదాడ. పెళ్లయి ఈ ఇంటికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో నా ఒంట్లో బాగోలేదన్న సంగతి ఆ డాక్టర్ గారికి నా నోటితో నేను ఒక్కసారి కూడా చెప్పుకోలేదు. ఆయన ఎదురుగా మా ఆయన కూర్చునేవాడు, నేను పక్కన నిలబడేదాన్ని. "ఈమెకు జర తలనొస్తదట" అని మా ఆయన చెప్పేవాడు. రెండు కళ్లూ తెరవలేనంత నొప్పి ఆయన నోట్లోకి వెళ్లేసరికి 'జర' అయిపోయేది. డాక్టర్ గారు మందు రాసిచ్చి, మిల్లు ఎట్లా నడుస్తోందని, వడ్ల ధర ఎట్లా ఉందని మా ఆయన్ను అడిగేవారు. మా అత్తమ్మకైనా అంతే. ఆమె రోగం మామగారు చెప్పేవారు, మామగారు పోయాక కొడుకులు చెప్పేవారు. మా ఇంటి ఆడవాళ్ల జబ్బులన్నీ మగవాళ్ల మాటల్లోనే ఆ దవాఖాన గడప దాటేవి.

అందుకే ఇప్పుడు కొత్త డాక్టర్ ఎవరన్న మాట వచ్చినప్పుడు నాకు లోపల ఒక ఆశ పుట్టింది. అది ఎక్కువ రోజులు నిలవలేదు. మా ఆయన, మరిది ముందుగదిలో కూర్చుని టీ తాగుతూ తేల్చేశారు. మెయిన్ రోడ్డు మీద కొత్తగా కట్టిన పెద్ద హాస్పిటల్. దాని యజమాని తండ్రికీ మాకూ వడ్ల వ్యాపారంలో పాత పరిచయం. లైన్‌లో నిలబడే పని ఉండదు, అదీ దానిలోని గొప్పతనం.

ఆ వానాకాలంలో అత్తమ్మకు ఊరికూరికే జ్వరం వచ్చేది. మూత్రంలో మంట, చలి, రెండు రోజులు పడక. మందులతో తగ్గడం, మళ్లీ తిరగబెట్టడం. ఆమెను తీసుకుని నేనూ మా ఆయనా ఆ హాస్పిటల్‌కు వెళ్లాం. డాక్టర్ కుర్రవాడే, చదువుకున్నవాడే. కంప్యూటర్ వైపు చూస్తూ ఎన్నాళ్ల నుంచి జ్వరమని మా ఆయన్ను అడిగాడు. మా ఆయన చెప్పాడు. షుగర్ ఉందా అని అడిగాడు. మా ఆయన లేదన్నాడు. ఇంకేమన్నా బాధ ఉందా అని అడిగాడు. దానికీ మా ఆయనే, "ఏం లేదు సార్, మోకాళ్ల నొప్పులు, అంతే" అన్నాడు.

అత్తమ్మ స్టూల్ అంచు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. ఆ ప్రశ్న వినగానే తలెత్తింది. పెదవులు కదిలాయి. కొడుకు జవాబు చెప్పేశాక మళ్లీ తల దించుకుని, ఒళ్లోని కుచ్చిళ్లను గుప్పిట్లో పట్టుకుంది.

నేను చూశాను. "ఆమెనే అడగండి డాక్టర్ గారూ" అన్నాను.

అతను మొదటిసారి కంప్యూటర్ మీంచి చూపు తిప్పి నన్ను చూశాడు. "సార్ చెప్పిండు గదమ్మా" అన్నాడు. అని, టెస్టులు రాయడం మొదలుపెట్టాడు.

కారులో మా ఆయన నన్ను కోప్పడ్డాడు. పెద్ద డాక్టర్ ముందు అట్లా మాట్లాడితే మర్యాద ఉంటదా అన్నాడు. డాక్టర్‌కు ఎదురుగా కూర్చున్న ముసలామె మర్యాద సంగతేమిటని నేనడిగాను. అత్తమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ మందులతో జ్వరం తగ్గింది. పది పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది. ఆ రోజు ఉదయం మగవాళ్లిద్దరూ మిల్లుకు వెళ్లాక, బాత్‌రూమ్‌లోంచి అత్తమ్మ నన్ను పిలిచింది. మామూలుగా పిలిచే గొంతు కాదు. వెళ్లేసరికి గోడ పట్టుకుని నిలబడి ఉంది, ఒళ్లంతా చెమట. మూత్రం రావడం లేదంది. కడుపు ఉబ్బిపోయి నొప్పి. నేను హాస్పిటల్‌కు పోదాం పదండి అంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"జరసేపు పండుకుంటే లోపలికి పోతది. అప్పుడొస్తది" అంది.

ఏది లోపలికి పోతుందని అడిగాను. ఆమె నా ముఖం చూడలేదు. తలుపు దగ్గరికి వెయ్యమంది. వేశాక చెప్పింది. గర్భసంచి జారింది. చిన్నకొడుకు, అంటే మా మరిది, పుట్టినప్పటి నుంచే. మొదట బరువు ఎత్తినప్పుడు మాత్రం తెలిసేది. తర్వాత తర్వాత దగ్గినా, నిలబడినా బయటికి వచ్చేది. చేత్తో లోపలికి నెట్టుకుని పని చేసుకునేది. పాత చీర ముక్కలు లంగోటీలా కట్టుకునేది. అవి ఎవరి కంటా పడకుండా తానే ఉతికి, పెరట్లో చీరల కింద దాచి ఆరేసుకునేది.

మా మరిదికి అప్పటికి నలభై నిండాయి.

ఇరవై ఏళ్లుగా ఆమెతో ఒకే వంటింట్లో ఉన్నాను. పెళ్లిళ్లకు పిలిస్తే మోకాళ్ల నొప్పులనేది. నాగార్జున సాగర్‌లో గేట్లెత్తారని అందరం చూడ్డానికి పోతుంటే ఇంటికి కాపలా ఉంటాననేది. చుట్టాలంతా పెద్దావిడకు ఇల్లు కదలడం ఇష్టం ఉండదు అనుకున్నారు. ఆమెకు కదలడం ఇష్టమే. కదలలేకపోయింది.

పడుకోబెట్టి, కాళ్ల కింద దిండ్లు పెట్టాను. కాసేపటికి ఆమె అన్నట్టే తేలికైంది. అప్పుడు అడిగాను, మన డాక్టర్ గారికి ఇన్నేళ్లలో ఎందుకు చెప్పలేదని.

"ఆయనకు నా చేతుల్తోని అన్నం పెట్టిన. అన్నా అని పిలిసిన. ఆయన ముంగట మీ మామ, మీ మొగుడు కూసుంటరు. వాళ్లను లేవమని నేనెట్లంటా? లేసిపోయినా, ఆయనకెట్ల సెప్తా?"

మళ్లీ తనే, "ఆయనొక్కసారి నన్ను అడిగుంటే సెప్పేదాన్నేమో. అడగలే" అంది.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను. ఆ డాక్టర్ మీద, ముందుగది టీ మీద, ఆ స్టూల్ మీద, 'ఏం లేదు సార్' అన్న మాట మీద. ఆ కోపం చల్లారకముందే ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ ఇంటికి డాక్టర్‌ను ఇక మేము ఆడవాళ్లమే చూసుకుంటాం.

రోగం సంగతి కొడుకులకు చెప్పనని అత్తమ్మ నా చేత మాట తీసుకుంది. అందుకని మా ఆయనకు ఒకటే చెప్పాను. అత్తమ్మకు వేరే డాక్టర్ కావాలి, ఆడ డాక్టర్, నేను వెతుకుతున్నాను అని. ఆయనకు అర్థం కాలేదు.

"డాక్టర్‌ను మార్చుడంటే బట్టల దుకాణం మార్చినట్టా?" అన్నాడు.

"బట్టల దుకాణం నేను ఎన్నిసార్లు మార్చినా మీరు అడగలేదుగా. ఇదీ అట్లాగే వదిలేయండి" అన్నాను.

అసలు ఏం రోగమో చెప్పమన్నాడు. చెప్పనన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. తన తల్లి రోగం తనకే తెలియకూడదా అన్నాడు. ఆ మాటలో నిజమైన బాధ ఉంది, నాకు జాలేసింది కూడా. అయినా చెప్పలేదు. చెప్పాలనుకుంటే ఆమే చెప్తుంది, ఆమె రోగం ఆమెది అన్నాను. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు.

మిర్యాలగూడలోనే మంచి లేడీ డాక్టర్లు ఉన్నారు. అత్తమ్మ ఒప్పుకోలేదు. అక్కడ హాల్లో కూర్చునేదంతా మన మిల్లుల వాళ్ల ఆడవాళ్లే, పొద్దున నేను పోతే సాయంత్రానికి ఊరందరికీ తెలుస్తుంది అంది. సరే, కోదాడ పోదామన్నాను. మా అక్క అక్కడే ఉంటుంది. తన కాన్పులు చేసిన డాక్టరమ్మ ఉంది, పేరున్న మనిషి. అక్కను చూసి వస్తామని ఇంట్లో చెప్పి బస్సెక్కాం. కారు అడిగితే డ్రైవర్ సాయంత్రం మా మరిదికి అంతా అప్పజెప్తాడు.

ఆ ప్రయాణం ఆమెకు నరకమని ఎక్కాక గానీ తెలియలేదు. నేరేడుచర్ల దాటినప్పటి నుంచి గుంతలు. హుజూర్‌నగర్ దాటాక మేళ్లచెరువు వైపు నుంచి వచ్చే సిమెంటు లారీల వెనక బస్సు నత్తలా నడిచింది. ఆమె సీటు ముందున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకుని సగం లేచి కూర్చుంది. దిగిపోదామా అంటే తల అడ్డంగా ఊపింది.

కోదాడలో ఆ డాక్టరమ్మ గదిలో ఒకేసారి ముగ్గురిని కూర్చోబెట్టారు. ఒకరిని చూస్తుంటే ఇంకొకరు బల్ల మీదికి ఎక్కాలి. మధ్యలో ఒక గుడ్డ తెర, అదీ సగమే. డాక్టరమ్మ చెయ్యి తిరిగిన మనిషే. చూడగానే విషయం తెలిసిపోయింది. తెలియగానే గొంతు పెంచింది.

"ఇన్నేళ్ల నుంచి ఏం చేస్తున్నారండీ? ఇంత ఉన్నవాళ్లయ్యుండి ఇంత నిర్లక్ష్యమా? తీసేయాల్సిందే. రేపొచ్చి చేరండి" అంది. తెర అవతల కూర్చున్న ఇద్దరూ వింటూనే ఉన్నారు. నర్సు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అత్తమ్మ బల్ల దిగింది. చీర సర్దుకుంది. నెమ్మదిగా నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది. నేను వెనక పరిగెత్తాను. బస్టాండు దాకా అట్లాగే నడిచింది. అక్కడ చెరుకురసం బండి దగ్గర ఆగి, గ్లాసు పట్టుకుని అప్పుడు అంది.

"నాకు ఆపరేషనంటే భయమని అనుకునేవు. భయం గాదు. నలభై ఏండ్లు మోసింది నేను. మోసినందుకు తిట్లు గూడ నేనే పడాల్నా? నేను తిట్టిచ్చుకోను."

ఇన్నేళ్లలో ఆమె నోటి నుంచి 'నేను' అన్న మాట అన్నిసార్లు నేనెప్పుడూ వినలేదు. వచ్చిన పని కాలేదు. అయినా నాకు ఆ రోజు ఓడిపోయి వస్తున్నట్టు లేదు.

తర్వాత నుంచి పద్ధతి మార్చాను. ముందు నేను ఒక్కదాన్నే వెళ్లి డాక్టర్‌ను చూస్తాను, నచ్చితేనే అత్తమ్మను తీసుకెళ్తాను. సంబంధం చూడ్డానికి పెద్దవాళ్లు ముందు తాము వెళ్లొస్తారు కదా, అట్లా. ఇది చెప్పినంత తేలిక కాదు. రిసెప్షన్‌లో పేషెంట్ పేరు అడుగుతారు. పేషెంట్ రాలేదు, నేను డాక్టర్ గారిని కొన్ని మాటలు అడగాలి అంటే, మందుల కంపెనీ నుంచి వచ్చారా అంటారు. ఒక చోట, డాక్టర్‌నే పరీక్ష చేస్తారా అమ్మా అని నవ్వారు. అవును అన్నాను. ఇంట్లోకి గ్యాస్ పొయ్యి కొనేటప్పుడు వెలిగించి చూస్తాం. ఒంటి మీద చెయ్యి వేసే మనిషిని చూసుకోకుండా ఎట్లా ఒప్పుకుంటాం?

సూర్యాపేటలో నాకు తెలిసిన టీచరమ్మ ఒకావిడ చెప్పింది. కొత్త బస్టాండుకు కాస్త లోపలగా, కింద మందుల షాపు, పైన చిన్న క్లినిక్. ఆడ డాక్టర్. స్పెషలిస్టు కాదు, ఇంటిల్లిపాదినీ చూసే డాక్టర్. నేను వెళ్లిన రోజు నా ముందు ఒక ముసలాయన, ఒక తల్లీ బిడ్డా ఉన్నారు. నా వంతు వచ్చింది. గదిలో ఆమె ఒక్కతే ఉంది. నా కన్నా పదేళ్లు చిన్నదై ఉంటుంది. ఏమైందమ్మా అని అడిగింది.

నాకేం కాలేదు, మా అత్తమ్మ కోసం వచ్చాను అన్నాను. సిద్ధం చేసుకున్న ప్రశ్నలు అడిగాను. మీరు చూసేటప్పుడు గదిలో ఇంకో పేషెంట్ ఉంటారా? మగవాళ్లు తోడు వస్తే ఎవరితో మాట్లాడతారు? ఆలస్యంగా వచ్చినందుకు కోప్పడతారా?

ఆమె నవ్వలేదు. పెన్ను కింద పెట్టి వింది.

"తలుపు పెట్టే సూస్తమ్మా. ఎవరి రోగమైతే వాళ్లతోనే మాట్లాడ్త. కోపమంటరా, అప్పుడప్పుడు వస్తది, కాని ఆలస్యంగొచ్చిన ముసలోళ్ల మీద రాదు" అంది. మళ్లీ తనే, "ఒక మాట ముందే చెప్త. నేను ఆపరేషన్లు చెయ్య. సూస్త, వింట. నాతోటి అయ్యేది చేస్త, కాకపోతే ఎవరి దగ్గరికి పోవాల్నో చెప్త. పోయొచ్చినంక మళ్ల నేనే సూసుకుంట" అంది.

చేయలేని పనేదో ముందే చెప్పిన డాక్టర్‌ను నేను అంతవరకు చూడలేదు. మెట్లు దిగుతుండగానే మనసులో ఖాయం చేసుకున్నాను.

ఇంటికి వచ్చాక అసలు గొడవ మొదలైంది. ఈసారి దాచలేదు, కారు కావాలని అడిగాను. మా మరిది ఫోన్ల మీద ఫోన్లు చేసి వివరాలు లాగాడు. మోతె దగ్గరి ఒక పల్లె అమ్మాయి, తల్లిదండ్రులు ఇప్పటికీ గొర్లు మేపుతారు. రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి తీశాడు. మనకు పెద్ద హాస్పిటల్ ఉండగా, యజమాని మనవాడై ఉండగా, గొర్లు కాసేటోళ్ల బిడ్డ దగ్గరికి సూర్యాపేట దాకా పోవాల్సిన కర్మ ఏమిటని అడిగాడు. నలుగురికీ తెలిస్తే మన పరువేం కావాలి అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. అత్తమ్మ నన్ను ఆగమన్నట్టు చెయ్యెత్తింది. ఆమె ఆ చివర నిలబడి వడ్డిస్తోంది.

"మీ నాయినకు ఆపరేషనైనప్పుడు రక్తం తక్కువైతే ఎవరో పిల్లగాడొచ్చి ఇచ్చిపోయిండు. ఆ పిల్లగాడు ఎవరి బిడ్డనో అడిగినవా?"

మరిది నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

"అడగలే. ఎందుకంటే అప్పుడు అవసరం మీ నాయినది. ఇప్పుడు నాది. కారియ్యకుంటే బస్సుల పోతా" అని, ఇంకో చపాతీ వేసింది.

మా ఆయన తల ఎత్తకుండా తిన్నాడు. పొద్దున కారు తాళాలు డ్రైవర్ చేతికి తనే ఇచ్చాడు.

సూర్యాపేటలో మెట్లు ఎక్కడానికి అత్తమ్మకు చాలాసేపు పట్టింది. డాక్టరమ్మ గదిలోంచి లేచి వచ్చి, పై మెట్టు మీద నిలబడి చెయ్యి ఇచ్చింది. లోపల కూర్చున్నాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న రోగం గురించి కాదు.

"అమ్మా, మీ కోడలు ఈడ ఉండాల్నా, బయట కూసోవాల్నా? మీ ఇష్టం."

ఉండమంటుందని నాకు గట్టి నమ్మకం. ఇంత వెతికింది నేను కదా. అత్తమ్మ నా వైపు చూసింది. "బయట కూసో బిడ్డా" అంది.

నిజం చెప్పాలంటే చివుక్కుమంది. బయట బెంచీ మీద కూర్చుని, మూసిన తలుపు వైపు చూస్తూ ఉడికిపోయాను. కాసేపటికి నాకే అనిపించింది. మా ఆయన ఆమె తరఫున చెప్పేవాడని నేను పోట్లాడాను. ఇప్పుడు ఆయన కుర్చీలో నేను కూర్చుందామనుకున్నానా? ఆ తర్వాత కోపం పోయి, తలుపు ఎంత ఆలస్యంగా తెరుచుకుంటే అంత మంచిదనుకున్నాను.

చాలాసేపటికి నన్ను పిలిచారు. అత్తమ్మ ముఖం కడుక్కుని ఉంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి, కానీ ముఖంలో ఏదో బరువు దిగినట్టుంది. ఆమె చెప్పమంటేనే డాక్టరమ్మ నాకు చెప్పింది. గర్భసంచితో పాటు మూత్రసంచి కూడా కిందికి దిగింది. అందుకని మూత్రం పూర్తిగా బయటికి పోక లోపల నిలిచిపోతోంది. నిలిచినచోట చీము, ఆ చీముకు జ్వరం. ఎన్ని మందులు వాడినా అసలు సంగతి చూడకపోతే తిరగబెడుతూనే ఉంటుంది. ఆపరేషన్ ఒక దారి. అది కాకుండా, లోపల ఒక మెత్తటి రింగు పెడితే జారకుండా పట్టి ఉంచుతుంది, దాన్ని అప్పుడప్పుడూ తీసి శుభ్రం చేసి పెట్టాలి. అది తన దగ్గరే పెట్టొచ్చు. ఏది కావాలన్నా తొందర లేదు, ఆలోచించుకోండి అంది.

అత్తమ్మ ఆలోచించుకోవడం అయిపోయింది. "ముందు రింగు. అది కాకుంటే ఆపరేషన్" అంది. ఎవరినీ అడగలేదు. కొడుకులను అడిగి చెప్తానన్న మాట కోసం ఎదురుచూశాను. అది రాలేదు.

అన్నీ ఒక్కసారికే చక్కబడలేదు. మొదట పెట్టిన రింగు మూడో రోజే జారిపోయింది. అత్తమ్మ నిరాశపడి, నా బతుకింతే అని మంచమెక్కింది. అనవసరంగా పంతానికి పోయి ముసలామెను తిప్పుతున్నానా అని ఒక రాత్రంతా కొట్టుకున్నాను. తెల్లవారాక డాక్టరమ్మకు ఫోన్ చేశాను. కాలికి చెప్పులు కొన్నట్టే అమ్మా, సైజు కుదిరేదాకా మార్చాలె, తీసుకురండి అంది. రెండోది పెద్దది పెట్టింది, అది కుదిరింది.

జ్వరం మళ్లీ రాలేదు. ఒక సాయంత్రం అత్తమ్మ నాతో చెప్పకుండా ఇంటి వెనక గేటులోంచి మిల్లు వైపు వెళ్లింది. వడ్లు ఆరబోసిన కళ్లం చుట్టూ ఒక్కతే నడుస్తోంది. మేడ మీద నుంచి చూశాను. హమాలీలు పని ఆపి, పెద్దమ్మకు దారి ఇచ్చారు. ఆమె రెండు చుట్లు తిరిగి, మూడోది మొదలుపెట్టింది.

కొడుకులకు ఆమే చెప్పింది. ఒక ఆదివారం ఇద్దరినీ కూర్చోబెట్టి, ఏమీ దాచకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది. మా మరిది మధ్యలోనే ఫోన్ వచ్చినట్టు లేచి బాల్కనీలోకి పోయాడు. మా ఆయన కదల్లేదు. అంతా విని, "ఇన్నేండ్లా అమ్మా?" అన్నాడు. మళ్లీ, "మన డాక్టర్ గారికి తెల్వదా?" అన్నాడు.

"ఎవరు సెప్తరు? నువ్వు సెప్తవా?" అంది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. ఆయన లేచి వెళ్లి పెరట్లో కుళాయి దగ్గర చాలాసేపు కాళ్లు కడుక్కున్నాడు.

పాత డాక్టర్ గారు ఉగాదికి ఫోన్ చేశారు. మా ఆయన మాట్లాడి ఫోన్ తల్లికి ఇచ్చాడు. ఎట్లున్నవమ్మా అని అడిగి ఉంటారు. మంచిగున్న అన్నా, సూర్యాపేటల ఒక డాక్టరమ్మ దొరికింది అంది. దేనికని ఆయన అడిగారు. చెప్పింది. ముందుగదిలో, కొడుకు ఎదురుగా, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని చెప్పేసింది. అది విని ఆయన, నాతో ఒక్కమాట అనకపోతివి గదమ్మా అన్నారట.

"మీరూ అడగకపోతిరి అన్నా" అంది. అని, వాళ్ల కూతురి పిల్లల సంగతులు అడిగింది. ఆమెకు ఆయన మీద పగ లేదు. నాకు మాత్రం కొంచెం ఉంది, ఉండనీ.

మా ఆయన, మరిది ఇప్పటికీ ఆ పెద్ద హాస్పిటల్‌కే వెళ్తారు. నేను మారమని అడగలేదు. ఇంటికి ఒకే డాక్టర్ ఉండాలని ఎక్కడా రాసి లేదు. నా తలనొప్పి సంగతి నేను సూర్యాపేటలో నా నోటితో చెప్పుకుంటున్నాను. 'జర' అన్న మాట వాడకుండా.

మొన్న వేసవిలో కోదాడలో మా అక్క కూతురి నిశ్చితార్థం అయింది. అత్తమ్మ వచ్చింది, కొత్త పట్టుచీర కట్టుకుని. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్లంతా లోపలి గదిలో చాపల మీద చేరారు. మోకాళ్ల నొప్పులు తగ్గాయా అని ఎవరో పలకరించారు. నాకు మోకాళ్ల నొప్పులు ఎప్పుడూ లేవు అని, అత్తమ్మ మొత్తం సంగతి చెప్పడం మొదలుపెట్టింది. కొందరు తలలు దించుకున్నారు. కొందరు దగ్గరికి జరిగారు. మా వాళ్లలో పెద్దావిడ ఒకామె చిరాకు పడింది. శుభమా అని నలుగురం కూడినచోట ఈ మాటలేమిటి, సిగ్గు లేకుండా అంది.

అత్తమ్మ తాంబూలం పళ్లెం పక్కకు జరిపింది.

"యాడ మాట్లాడాల్నో సెప్పొదినా, గాడికే పోదాం. నేను నలభై ఏండ్లు సోటు దొరకక ఊకున్న" అంది.

ఆ పెద్దావిడ లేచి వెళ్లిపోయింది. వెళ్లిన వాళ్లు ఆమెతో కలిపి ఇద్దరే. మిగిలినవాళ్లు కూర్చునే ఉన్నారు. మూలన కూర్చున్న ఒకామె, నా వయసుదే, డాక్టరమ్మ ఏ వారాల్లో ఉంటుందని చిన్నగా అడిగింది. అత్తమ్మకు వినపడలేదేమోనని నేను చెప్పబోయాను. ఆమె అప్పటికే చెప్తోంది, గదిలో అందరికీ వినపడేట్టు.